నాలుగేళ్లు వాడాక షేర్డ్ హోస్టింగ్ గురించి: ఆ 777 సలహా మీద నా కోపం ఇంకా తగ్గలేదు

షేర్డ్ హోస్టింగ్ అంటే ఒకే సర్వర్ మీద చాలామంది సైట్లు పెట్టుకోవడం. దాని ప్లాన్లు, స్పీడు, ఎస్‌ఎస్‌ఎల్ గురించి ఇప్పటికే బోలెడంత మంది రాశారు, నేను వాటి జోలికి పోను. నేను చెప్పాలనుకుంటున్నది ఫోల్డర్ పర్మిషన్ల గురించి, అంటే ఏ ఫోల్డర్‌లో ఎవరు రాయొచ్చు, ఎవరు చూడటం వరకే అని చెప్పే నంబర్లు. 777 అంటే ఎవరైనా రాయొచ్చని, అప్‌లోడ్లు ఆగిపోతే సపోర్ట్‌వాళ్లు నాకిచ్చిన సలహా అదే.

హైదరాబాద్ ఛత్తాబజార్‌లో మా బాబాయ్‌కి పెళ్లికార్డుల ప్రెస్ ఉంది. కస్టమర్లు ఫోటోలు, మ్యాటరు పంపుకోడానికి చిన్న పీహెచ్‌పీ సైట్ నేనే చేసిచ్చా, 2019 నుంచి ఒకే కంపెనీలో నడుస్తోంది. ఏ నెల ఫోటోలు ఆ నెల ఫోల్డర్‌లో పడతాయి, ఫోల్డర్ కూడా స్క్రిప్టే తయారుచేసుకుంటుంది.

2023 ఫిబ్రవరిలో, మాఘమాసం ముహూర్తాలతో ప్రెస్ ఊపిరాడకుండా ఉన్నప్పుడు, "మీ అకౌంట్ కొత్త సర్వర్‌కి మార్చాం, మీరేం చెయ్యక్కర్లేదు" అని మెయిల్ వచ్చింది. మర్నాడు పొద్దున్నే బాబాయ్ ఫోన్. "ఏంరా, ఫోటోలు పోతలేవంట, అందరు వాట్సాప్‌ల పంపుతున్నరు." వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో నొక్కుకుపోయి వస్తుంది, కార్డు మీద ప్రింట్ కొడితే మొహాలు మసకబారతాయి, అందుకే కదా అసలు సైట్ పెట్టింది.

ఎర్రర్ లాగ్ తెరిస్తే పర్మిషన్ డినైడ్. ఫోల్డర్ చూస్తే 755, అంటే ఓనర్ రాయొచ్చు, మిగతావాళ్లు చూడటం వరకే, నంబర్ కరెక్టుగానే ఉంది. విచిత్రం ఏంటంటే టెస్ట్ అని కొత్త ఫోల్డర్ చేసి అందులోకి అప్‌లోడ్ చేస్తే చక్కగా పోతోంది, ఫిబ్రవరి ఫోల్డర్‌లోకి మాత్రం పోదు. సపోర్ట్‌కి టికెట్ పెడితే వచ్చిన జవాబు "777 పెట్టండి". అదే సర్వర్ మీద ఇంకా ఎన్నో అకౌంట్లు ఉంటాయి, అలాంటిచోట ఫోల్డర్‌ని ఎవరైనా రాసుకునేలా తెరిచిపెట్టమని హోస్టింగ్ కంపెనీవాళ్లే చెప్తే ఎలా? పోనీ కాసేపటికి పెట్టి చూద్దామన్నా ఫైల్ మేనేజర్ మార్చనివ్వలేదు.

రెండు రాత్రులు దీంతోనే గడిచాయి. చివరికి ఫైల్‌జిల్లాలో (సర్వర్‌లోని ఫైళ్లు చూసుకునే ఎఫ్‌టీపీ సాఫ్ట్‌వేర్) లాగిన్ అయ్యి కుడివైపు చివర ఓనర్ కాలమ్ చూస్తే అన్ని ఫోల్డర్లకీ మా యూజర్ పేరుంది, నెలవారీ ఫోల్డర్లకి మాత్రం నోబడీ అని ఉంది, అది వెబ్ సర్వర్ వాడే యూజర్ పేరు. అప్పుడు అర్థమైంది. పాత సర్వర్‌లో పీహెచ్‌పీ వెబ్ సర్వర్ పేరు మీద నడిచేది, అది తయారుచేసిన ఫోల్డర్లకి అదే ఓనర్. కొత్త సర్వర్‌లో మన యూజర్ పేరు మీద నడుస్తోంది. 755లో ఆ 7 ఓనర్‌ది, ఇప్పుడు మనం ఓనర్ కాదు, అందుకే నంబర్ కూడా మార్చలేం. హోస్టింగ్‌వాళ్లిచ్చే కంట్రోల్ ప్యానెల్ సీప్యానెల్, దాని ఫైల్ మేనేజర్‌లో పర్మిషన్ కాలమ్ ఉంటుంది గానీ ఓనర్ కాలమ్ ఉండదు, ఎంతసేపు చూసినా తేలకపోవడానికి కారణం అదే.

ఎలా బాగుచేశానంటే, ఆ ఫిబ్రవరి ఫోల్డర్‌ని పక్కన కాపీ చేశా, కాపీకి మనమే ఓనర్ అవుతాం. పైనున్న అప్‌లోడ్స్ ఫోల్డర్ మనదే కాబట్టి పాతదానికి పేరు మార్చొచ్చు, మార్చి కాపీకి అసలు పేరు పెట్టా. వెంటనే ఫోటోలు ఎక్కడం మొదలైంది. పాత ఫోల్డర్లు డిలీట్ చెయ్యడం మాత్రం నా వల్ల కాలేదు, సపోర్ట్‌లో ఇంకొకాయన ఓనర్ మార్చిపెట్టాక పోయాయి. ఆ పని మొదటిరోజే చేసుంటే సరిపోయేది.

నిజం చెప్పాలంటే 2019లో అప్‌లోడ్ అవ్వకపోతే అప్‌లోడ్స్ ఫోల్డర్‌కి 777 పెట్టమన్నదీ ఈ సపోర్టే, నేనూ పెట్టేశా, రెండు నిమిషాల్లో అయిపోయిందని చాలామందికి వీళ్ల పేరు చెప్పా. ఇప్పుడైతే అలా చెప్పను. ఫోల్డర్లు 755, ఫైళ్లు 644కి (ఓనర్ రాయొచ్చు, మిగతావాళ్లు చదవడం వరకే) తెచ్చా, అప్‌లోడ్స్‌లో పీహెచ్‌పీ నడవకుండా హెచ్‌టీయాక్సెస్ అనే సెట్టింగ్స్ ఫైల్‌లో ఆపేశా. ఫైల్ సైజ్ లిమిట్ ప్యానెల్లోనే పెంచుకోవచ్చు, అది ఇప్పటికీ నచ్చుతుంది, కాకపోతే అప్‌లోడ్ లిమిట్ ఒక్కటే పెంచితే చాలదు, పోస్ట్ లిమిట్ (ఒక్కసారికి ఫారం మొత్తంగా పంపగల సైజ్) కూడా పెంచాలి, అది ఎవరూ చెప్పరు.

మొన్న రెన్యువల్ వస్తే మూడేళ్లకి కాకుండా ఒక్క ఏడాదికే కట్టా. బాబాయ్ సీజన్లో సైట్ కదిలించే ధైర్యం నాకు లేదు, వీపీఎస్ (మనమే నడుపుకోవాల్సిన సొంత సర్వర్ లాంటిది) తీసుకుంటే రోజూ చూసుకునే టైమూ లేదు. మీ సైట్‌లో బయటివాళ్ల అప్‌లోడ్లు లేకపోతే మీకు ఈ గొడవేం రాకపోవచ్చు.