48 మెగాపిక్సెల్ అని చూసి కొనేయకండి, నేను కొని మునిగా

ఫ్రెండ్స్, ఆన్‌లైన్‌లో ఐదారు వేలకి "48 మెగాపిక్సెల్ 4కే డిజిటల్ కెమెరా" అని వస్తున్నాయి చూడండి, ఎప్పుడూ పేరు వినని బ్రాండ్లు, వాటి జోలికి పోకండి. నాన్న షష్టిపూర్తికి మంచి ఫొటోలు తీసి ఒకటి పెద్దది ఫ్రేమ్ కట్టించి హాల్లో పెడదామని 5,499 పోసి కొన్నా.

టెస్ట్ చెయ్యలేదా అంటే చేశా, అక్కడే దెబ్బతిన్నా. రాగానే పిల్లల్ని నాలుగు ఫొటోలు తీసి ఇంట్లో ప్రింటర్‌లో గ్లాసీ పేపర్ పెట్టి 4 బై 6 ప్రింట్లు తీశా, సూపర్‌గా వచ్చాయి, ఇంకేముంది అనుకున్నా. ఆ సైజుకి అంగుళానికి 300 లెక్కన 1200 బై 1800 పిక్సెల్స్ (ఫొటోలోని చుక్కలు) చాలు, అంటే 2 మెగాపిక్సెల్ (మెగా అంటే పది లక్షలు) చిల్లర, ఏ డబ్బా కెమెరా అయినా పాసైపోద్ది. ఈలోగా 7 రోజుల రిటర్న్ గడువు కాస్తా అయిపోయింది.

ఫంక్షన్ అయ్యాక గవర్నర్‌పేటలో తెలిసిన ల్యాబ్‌లో 12 బై 18 వేయిస్తే అమ్మ పట్టుచీర జరీ పసుపు ముద్దలా ఉంది, ముక్కుపుడక అసలు లేదు, నాన్న మీసం కాటుకతో గీసినట్టుంది. ల్యాబ్ కుర్రాడి మీద అరిచా కూడా, పాపం. వాడు ఫైల్ జూమ్ చేసి చూపించి "అన్నా, సైజు 8000 బై 6000 ఉంది, అందుకే మా సాఫ్ట్‌వేర్ కూడా తక్కువ రిజల్యూషన్ అని చెప్పలేదు, లోపల సరుకు లేదు" అన్నాడు.

ఇంటికొచ్చి అట్టపెట్టె తిప్పి చూస్తే చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది, సెన్సర్ (వెలుతురు పట్టే చిప్) 5 మెగా, 48 మెగా ఇంటర్‌పొలేషన్ అని. అంటే నిజంగా పట్టేది 2592 బై 1944, మిగతాదంతా పక్క పిక్సెల్స్‌ని చూసి ఊహించి నింపుడు. పాలల్లో నీళ్లు పోస్తే లీటర్లు పెరుగుతాయి, వెన్న పెరగదుగా. ఆ 2592ని 18 అంగుళాలకి సాగదీస్తే అంగుళానికి 144 వస్తాయి, గోడ మీద ఫొటోకి కనీసం 200 అన్నా ఉండాలి, అంటే 8.6 మెగాపిక్సెల్, అవీ అసలువి. 2004లో వచ్చిన నికాన్ డీ70 కెమెరా ఆరు మెగాపిక్సెలే, దాంతో తీసిన మా అక్క పెళ్లి ఫొటో 8 బై 12 ఇప్పటికీ చీర అంచు పోగులతో సహా కనపడుద్ది. (ఫోన్లలో 50, 108 అనేవి వేరే కథ, అవి పిక్సెల్స్‌ని కలిపి 12 చేసి ఇస్తాయి, అది మోసం కాదు.)

కొనేముందు ఇంటర్‌పొలేషన్ అనే మాట ఉందేమో వెతకండి, ఆప్టికల్ జూమ్ (లెన్స్‌తో నిజంగా దగ్గరికి తెచ్చేది) ఊసు లేకుండా 16ఎక్స్ డిజిటల్ జూమ్ (ఫొటోనే కత్తిరించి సాగదీసేది) అని మాత్రమే ఉంటే అనుమానించండి. ఆల్రెడీ కొన్నవాళ్లు గడువులోపే ఫొటోలో తొమ్మిదో వంతు, మొహం ఉన్న ముక్క, క్రాప్ చేసి 4 బై 6 ప్రింట్ తియ్యండి, 12 బై 18లో అలాంటివి తొమ్మిది పడతాయి కాబట్టి 12 బై 18 ఎలా ఉంటుందో ఆ ఒక్క ప్రింట్‌లో తేలిపోద్ది.

చివరికి హాల్లో పెట్టింది మా ఆవిడ పాత ఫోన్‌లో తీసిన 12 మెగాపిక్సెల్ ఫొటో. అదీ వాట్సాప్‌లో మామూలుగా పంపితే కుదించేస్తదని డాక్యుమెంట్‌గా పంపా. ముక్కుపుడక కనపడుతోంది.