ఉన్న జాబితానే సర్దాలా, కొత్త జాబితా తీసుకోవాలా: ఏది మేలు?

పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే మా బంధువు ఒకరికి కొనుగోలు లెక్కల ప్రోగ్రామును జావాస్క్రిప్ట్‌లో రాసి ఇచ్చాను. జీడి పిక్కల బస్తాలు ఏ వరుసలో కాటాకు వస్తే జాబితాలోనూ అదే వరుసలో ఉండాలి, ఎందుకంటే చీటీ నంబర్లు ఆ వరుసను బట్టే పడతాయి. బరువైన బస్తాలను పైన చూపే పట్టిక ఒకటి కావాలని ఆయన అడిగినప్పుడు, జాబితాను వరుసగా పేర్చే సార్ట్ ఫంక్షన్‌ను పిలిచి, అది తిరిగి ఇచ్చిన జాబితాకు వేరే పేరు పెట్టుకుని, అసలుది భద్రంగానే ఉందనుకున్నాను. సాయంత్రానికి ఒకరి చీటీ మీద మరొకరి బస్తా బరువు అచ్చయింది. జావాస్క్రిప్ట్ సార్ట్ అసలు జాబితానే తారుమారు చేసి, దానినే తిరిగి ఇస్తుంది. నేను పెట్టింది రెండో పేరే తప్ప రెండో జాబితా కాదు.

ఇదే పొరపాటు పైథాన్ భాషలో చేసి ఉంటే వెంటనే దొరికిపోయేవాడిని. అక్కడ సార్ట్ కూడా ఉన్న జాబితానే సర్దుతుంది గానీ, తిరిగి ఇచ్చేది 'నన్' (ఏమీ లేదని చెప్పే విలువ) మాత్రమే కాబట్టి, దానిని పట్టికగా చూపబోతే పట్టిక రానే రాదు. కొత్త జాబితా కావాలన్నవారికి 2004లో వచ్చిన 2.4 వెర్షన్ నుంచి సార్టెడ్ అనే వేరే ఫంక్షన్ ఉంది. జావాస్క్రిప్ట్‌కు అలాంటి టుసార్టెడ్ ప్రమాణంలో చేరడానికి 2023 దాకా పట్టింది. రూబీ భాషలో అసలును మార్చే సార్ట్ పేరు చివర ఆశ్చర్యార్థకం ఉంటుంది. నాకు అన్నిటికన్నా నచ్చిన పద్ధతి అదే. సి భాషలోని స్ట్రటాక్ మాటేమిటంటే, అది విడగొట్టమని ఇచ్చిన వాక్యంలోని కామాల స్థానంలోనే ముక్క అక్కడితో ముగిసిందని చెప్పే సున్నా (నల్) అక్షరాలను రాసేస్తుంది, పేరు చూసి ఆ సంగతి ఊహించడం కష్టం.

నా మటుకు కొత్త జాబితాయే మేలు. మెమరీ వృథా అనే అభ్యంతరం చిన్న లెక్కలకు నిలవదు: 64 బిట్ల పైథాన్‌లో ఒక్కో అంశానికి జాబితాలో పట్టేది ఆ అంశం మెమరీలో ఎక్కడుందో చెప్పే 8 బైట్ల చిరునామాయే గనుక, 10 లక్షల బస్తాలకైనా అదనపు ఖర్చు 8 మెగాబైట్లకు దరిదాపుల్లోనే ఉంటుంది. అయితే ఫంక్షన్ లోపల మనమే తయారు చేసుకుని, మరెవరికీ ఇవ్వని జాబితాను అక్కడికక్కడే సర్దితే తప్పేమీ లేదు.

కొత్త జాబితా తీసుకున్నా ఒక మెలిక మిగులుతుంది. టుసార్టెడ్ వరుసను మాత్రమే కొత్తగా ఇస్తుంది, లోపలి బస్తాల వివరాలు పాతవే. ఆ కొత్త పట్టికలో ఒక బస్తాకు తేమ తరుగు తీసి బరువు మార్చితే, అసలు జాబితాలోనూ బరువు తగ్గుతుంది. అందుకే ఇప్పుడు కాటా బరువును ముట్టుకోకుండా, తరుగు తీసిన బరువును వేరే గడిలో రాయిస్తున్నాను.