అంతర్వేది దాకా వెళ్లడం సులువే, తిరిగి రావడమే కష్టం

కోనసీమ తీరాన్ని సొంత బండి లేకుండా చూడలేరని చాలామంది అంటారు. చూడొచ్చు. అమ్మా నేనూ కార్తీకమాసం రద్దీ తగ్గాక వెళ్లి, బస్సులు, ఆటోలు, ఏరు దాటించే పంట్ల మీదే తిరిగి వచ్చాం. అమ్మకి కారు ప్రయాణం పడదు, కిటికీ పక్కన సీటు ఉంటే బస్సే హాయి. చూసిన చోట్లన్నీ బాగున్నాయి. మమ్మల్ని విసిగించింది దూరాలు కాదు, బస్సుల తక్కువా కాదు. బస్సు ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో చెప్పే దిక్కు లేకపోవడం.

ముందు ఇక్కడి నేల తీరు తెలియాలి, తంటా అంతా అక్కడే మొదలవుతుంది. ధవళేశ్వరం దిగువన గోదావరి పాయలుగా విడిపోయి, గౌతమి ఒక పక్క, వసిష్ఠ ఇంకో పక్క, నడుమ వైనతేయ సముద్రంలో కలుస్తాయి. అందుకే వసిష్ఠ పక్కనున్న అంతర్వేది నుంచి ఓడలరేవు బీచ్‌కి ఒడ్డు వెంటే పోవడం కుదరదు, వైనతేయ అడ్డం. మలికిపురం, రాజోలు, తాటిపాక మీదుగా పైకి వచ్చి, పాశర్లపూడి, బోడసకుర్రు మధ్య వంతెన దాటి, అమలాపురంలో ఇంకో బస్సు ఎక్కి మళ్లీ సముద్రం వైపు దిగాలి. తీరంలో ఏ ఊరు చూసినా రోడ్డుకి చివరే. వెళ్లిన బస్సే తిరిగి రావాలి. అది పోతే అటుగా వచ్చే ఇంకో బస్సంటూ ఉండదు.

కత్తిపూడి నుంచి ఒంగోలు దాకా పోయే 216వ జాతీయ రహదారి అమలాపురం, రాజోలు మీదుగానే వెళ్తుంది. దాని మీద ఉన్నంతసేపు ఏ బెంగా లేదు, ఒకటి కాకపోతే ఇంకోటి దొరుకుతుంది. రహదారి దిగి సముద్రం వైపు తిరిగిన దగ్గర్నుంచే టెన్షన్.

అంతర్వేదికి పొద్దున్నే వెళ్లాం. రాజోలు నుంచి బస్సులో కొబ్బరి తోటల మధ్య, కాలవల పక్కన ఆ ప్రయాణం ఎంత బాగుందో చెప్పలేను. అమ్మ దారి పొడుగునా కిటికీకి అతుక్కుపోయింది. లక్ష్మీనరసింహస్వామి దర్శనం ప్రశాంతంగా అయింది. మాఘమాసంలో కల్యాణానికి, భీష్మ ఏకాదశి రథోత్సవానికి జనం విరగబడే చోటు, మామూలు రోజుల్లో మాత్రం కాసేపు మండపంలో కూర్చున్నా ఎవరూ జరగమనరు. లైట్‌హౌస్ వైపు, వసిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు వైపు ఆటో మాట్లాడుకున్నాం. ఆటో అబ్బాయి మర్యాదస్తుడు, ముందే రేటు చెప్పి అంతే తీసుకున్నాడు, అమ్మ దిగి నడిచే చోట చెయ్యి పట్టుకుని దించాడు. ఏటి నీరు, సముద్రపు నీరు రెండు రంగుల్లో పక్కపక్కనే కనిపించే ఆ చోటు కోసం ఎంత దూరమైనా రావచ్చు.

మధ్యాహ్నం తిరుగు బస్సు కోసం నిలబడ్డాక మొదలైంది అసలు కథ. టైముల బోర్డు లేదు. కొట్టాయన్ని అడిగితే "ఒంటిగంటన్నరకి ఉందండి" అన్నాడు. పక్కనున్నాయన "అది ఈమధ్య రావట్లేదండి, రెండున్నరదే" అన్నాడు. చేపల గంపతో కూర్చున్న పెద్దావిడ మాత్రం "వచ్చేస్తాదమ్మా, కూర్చోండి" అని అమ్మకి నీడలో చోటిచ్చింది. ముగ్గురూ మంచి మనసుతోనే చెప్పారు. రెండున్నరకీ రాలేదు. ఎండ, కూర్చోవడానికి అరుగు తప్ప ఏమీ లేదు, ఆడవాళ్లకి బాత్రూం కోసం మళ్లీ గుడి దాకా నడవాలి. ఇది మాకు ఒక పూట. అక్కడే కూర్చున్న డిగ్రీ పిల్లలకి, ఆస్పత్రికి వెళ్లాల్సిన ముసలాయనకి ఇది రోజూ ఉండేదే. ఆయన చేతిలో స్కానింగ్ కవరు చూశాక నా చిరాకు గురించి మాట్లాడాలనిపించలేదు.

చివరికి బస్సు వచ్చేసరికి కాలేజీలు వదిలే వేళ దగ్గరపడింది. మలికిపురంలో ఎక్కిన పిల్లలతో నిలబడే చోటు కూడా లేకుండా నిండిపోయింది. అంత రద్దీలోనూ కండక్టర్ గారు అమ్మకి సీటు ఇప్పించారు. ఆయన్ని నేను తప్పుపట్టను. ట్రిప్పు ఎందుకు పోయిందో ఆయనకీ తెలియదు.

2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ లేదు, ఆధార్ చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు. ఇది మంచి పని అని గట్టిగా నమ్ముతాను. అమ్మలాంటివాళ్లు కొడుకు చేతి డబ్బుల కోసం చూడకుండా గుడికో పుట్టింటికో వెళ్లొస్తున్నారు. ఉచితం చేశాక ట్రిప్పులూ పెంచాలి, ఉన్న ట్రిప్పు వేళకి నడపాలి. రాని బస్సు ఉచితమైతే ఎవరికి లాభం?

బస గురించి. బస్సుల మీద తిరిగేవాళ్లు సముద్రం పక్కన ఉండాలనే కోరిక వదులుకోవాలి. అంతర్వేదిలో రాత్రి ఉంటే తెల్లవారుజాము దర్శనం బాగుంటుంది గానీ, మిగతా చోట్లకి మళ్లీ అదే రోడ్డు మీద అదే ఎదురుచూపు. దిండిలో వసిష్ఠ ఒడ్డున ఏపీ టూరిజం రిసార్టు ఉంది, ఏరు చూస్తూ కూర్చోవడానికి అంతకన్నా మంచి చోటు ఈ చుట్టుపక్కల లేదు, రహదారికీ దగ్గరే. కారున్నవాళ్లూ, ఎక్కడికీ తిరగకుండా రెండు పూటలు ఊరికే ఉండాలనుకునేవాళ్లూ అక్కడే దిగండి. మాలాగా తిరిగేవాళ్లకి మాత్రం రాజోలు లేదా అమలాపురం. మేం ఉన్న లాడ్జి సాదాసీదాది, గోడలకి రంగు పోయింది, కానీ దుప్పట్లు శుభ్రం, వేణ్ణీళ్లు అడిగిన వెంటనే ఇచ్చారు, బస్టాండు నడిచేంత దూరం. ఆ చివరిదొక్కటే చాలు నాకు.

ఓడలరేవు బీచ్ వెడల్పుగా, ఖాళీగా ఉంది. సాయంత్రం అక్కడ చీకటి పడేదాకా ఉండాలనిపిస్తుంది, చివరి బస్సు మీద నమ్మకం లేక ముందే బయల్దేరాం. ఆ బాధ ఇంకా ఉంది. అప్పనపల్లికి పాశర్లపూడి దాకా బస్సు, అక్కడి నుంచి షేర్ ఆటో. ఆటోలు నిండితేగాని కదలవు, అయినా అన్నిటికన్నా ఇబ్బంది లేని ప్రయాణం ఇదే. వైనతేయ ఒడ్డున బాలబాలాజీ గుడి, అక్కడి అన్నదానం రెండూ మా అమ్మకి బాగా నచ్చాయి.

నేను కోరేది పెద్ద ఖర్చు పని కాదు. ప్రతి చివరి ఊళ్లో, బస్సు తిరిగే చోట, ఒక రేకు బోర్డు మీద మొదటి బస్సు, చివరి బస్సు, మధ్యలోవి పెయింటుతో రాయించాలి. ట్రిప్పు రద్దయితే ఊళ్లో ఒక కొట్టుకి ఫోన్ చేసి చెప్పాలి, మిగతా ఊరికి ఆ కబురు కొట్టే చేరవేస్తుంది. మ్యాపు యాప్‌లు ఈ రోడ్ల మీద పనికిరావు, మాకు చూపించిన బస్సు ఒక్కటీ రాలేదు. ఈలోగా వెళ్లేవాళ్లు దిగగానే కండక్టర్‌నే అడగండి: "మళ్లీ మీరే వస్తారా, ఎన్నింటికి?" ఆయన చెప్పిన టైమే కాస్త నిలబడుతుంది. చివరి బస్సుకి ముందుదాన్నే మీ చివరి బస్సు అనుకోండి. ఊళ్లో ఒక ఆటో నంబరు రాసుకోండి.

తిరుగు రైలు నరసాపురంలో ఎక్కేవాళ్లకి సఖినేటిపల్లి రేవు నుంచి పంటు దగ్గరి దారి. బైకులు, కార్లు, మనుషులు అందరూ కలిసి ఏరు దాటడం పిల్లలకి భలే సరదా. వెలుతురు ఉండగానే రేవు చేరండి. గోదావరికి వరద వస్తే పంటు ఆపేస్తారు. ఆ రోజుల్లో రాజోలు నుంచి చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు వెళ్లి, అక్కడే రైలెక్కడం నయం.