ఊరికే వచ్చే భూమిని వద్దనడం నేర్పిన సభ్యత్వం: ల్యాండ్ ట్రస్ట్ అలయన్స్‌పై ఒక చిన్న బోర్డు నుంచి రివ్యూ

న్యూజెర్సీలో మేముండే టౌన్‌షిప్‌లో ఒక చిన్న ల్యాండ్ ట్రస్ట్ ఉంది. అడవి ముక్కలు, వాగు గట్లు, పాత పొలాలు ప్లాట్లుగా మారకుండా కాపాడటం దాని పని. జీతం తీసుకునేవాళ్లు ఒక్కరూ లేరు. బోర్డే ఆఫీసు, బోర్డే గుమాస్తా, ట్రెయిల్‌కి అడ్డంగా చెట్టు పడితే రంపం పట్టుకెళ్లేదీ బోర్డే. అకౌంట్స్ మనిషిని కాబట్టి ముందు ట్రెజరర్‌గా లాగారు, ఇప్పుడు ప్రెసిడెంట్‌ని. మన తెలుగు సంఘాల్లో ప్రెసిడెంట్ అంటే వేదిక, శాలువా, మైకు. ఇక్కడ ప్రెసిడెంట్ అంటే పార్కింగ్ దగ్గర చెత్త డబ్బా నిండిందని ఫోన్ వస్తే వెళ్లే మనిషి. ఈ సంగతి చెబితే భువనగిరి నుంచి మా ఆడబిడ్డ అడిగింది: "జీతం లేదా వదినా? పోనీ భూమిల వాటా అన్న ఇస్తరా?"

అదీ లేదు. అయినా పిల్లలు కాలేజీకి వెళ్లిపోయి శనివారాలు ఖాళీ అయిన మనవాళ్లు కొందరు ఇలాంటి బోర్డుల్లో చేరాలని అడుగుతున్నారు. వాళ్లకోసం రాస్తున్నాను. అయితే నేను మార్కులు వేస్తున్నది మా ట్రస్టుకి కాదు, మాలాంటి బోర్డులకి నియమాలు, శిక్షణ, ఇన్సూరెన్స్ అందించే ల్యాండ్ ట్రస్ట్ అలయన్స్ సభ్యత్వానికి. పనిలో పనిగా, బోర్డుల పేరు చెప్పి మాకు అమ్మిన మరో రెండు వస్తువుల గురించి కూడా చెబుతాను.

అమెరికాలో ఈ తరహా సంస్థల్లో మొదటిది 1891లో మసాచుసెట్స్‌లో పుట్టింది. ల్యాండ్ ట్రస్టులన్నింటికీ ఉమ్మడి గొడుగుగా అలయన్స్ వచ్చింది 1982లో, ఆఫీసు వాషింగ్టన్‌లో. సభ్యత్వం కడితే ఆన్‌లైన్ కోర్సులు, నమూనా పాలసీలు, ఏటా జరిగే ర్యాలీ అనే పెద్ద సదస్సు, ఇవన్నీ దొరుకుతాయి. వీటిలో అసలు సరుకు మాత్రం "స్టాండర్డ్స్ అండ్ ప్రాక్టీసెస్" అనే నియమావళే. 1989లో మొదటిసారి వచ్చింది, ఇప్పుడు నడుస్తున్నది 2017 నాటి రూపం. మొత్తం 12 స్టాండర్డ్స్. మూడోది బోర్డు బాధ్యత గురించి, నాలుగోది స్వప్రయోజనాల గురించి, ఎనిమిది నుంచి చివరి దాకా భూమి గురించి. చదవడానికి చప్పగా ఉంటుంది. దాని విలువ తెలిసేది, ఎవరైనా వచ్చి భూమి ఇస్తామన్న రోజున.

ఒక పెద్దావిడ వచ్చింది. భర్త పోయారు, పిల్లలు కాలిఫోర్నియాలో ఉన్నారు, ఇంటి వెనక 11 ఎకరాల అడవి. డెవలపర్లు ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు. "మీకు ఊరికే ఇస్తాను, చెట్లు కొట్టకండి చాలు" అంది. లైబ్రరీ కింద గదిలో మా మీటింగు. ఒకాయన అక్కడికక్కడే మోషన్ పెట్టాడు, ఇంకొకాయన సెకండ్ చేశాడు, ఇద్దరి కళ్లూ చెమర్చాయి. అప్పుడు మా సెక్రటరీ నియమావళి ప్రింటవుట్ తీసింది: భూమిని వెళ్లి చూశారా? టైటిల్ వెతికించారా? నేలలో ప్రమాదకరమైనవేమైనా ఉన్నాయేమో పరీక్ష చేయించారా? ఏటా ఖర్చు ఎంత, అది ఎక్కడి నుంచి వస్తుంది?

వెళ్లి చూశాం. అడవి మధ్యలో చిన్న పల్లం, దాన్నిండా పాత పొలం వాళ్లు దశాబ్దాల కింద పారేసిన సామాను. టైర్లు, తలుపు ఊడిన ఫ్రిజ్, తుప్పు పట్టి అడుగు రాలిపోయిన డ్రమ్ములు రెండు. డ్రమ్ముల్లో ఏముండేదో ఎవరికీ తెలియదు. కింద వాగు పారుతోంది. అంతే కాదు, ట్రెయిల్ వేద్దామనుకున్న వైపంతా ఆష్ చెట్లు ఎండి నిలబడి ఉన్నాయి. ఎమరాల్డ్ ఆష్ బోరర్ అనే పురుగు న్యూజెర్సీలో బయటపడింది 2014లో. అప్పట్నుంచి ఆ చెట్ల గతి ఇంతే. ఎండిన ఆష్ ఎటు విరుగుతుందో చెప్పలేం. కొట్టించడానికి మనిషిని పిలిస్తే చెట్టుకింత అని లెక్క కడతాడు. భూమి మన పేర రాగానే ఆ డ్రమ్ములూ మనవే, ఆ చెట్లూ మనవే.

లెక్క ఇలా వేస్తాం. ఒక స్థలాన్ని చూసుకోవడానికి ఏడాదికి 600 డాలర్లు అవుతుందనుకుందాం. అసలు కదలకుండా ఏటా 4 శాతం మాత్రమే తీసుకోవాలంటే నిధిలో 15,000 డాలర్లు ఉండాలి. దీన్నే స్టీవార్డ్‌షిప్ ఫండ్ అంటారు. ఊరికే వచ్చిన భూమికి ఇది ప్రవేశ రుసుము. చెట్లు కొట్టించడం, డ్రమ్ములు తీయించడం దీనికి అదనం. అప్పుడే భూమి తీసుకోలేమని ఆవిడకి చెప్పాల్సి వచ్చింది, అదీ నేనే చెప్పాలి. ఆవిడ నొచ్చుకుంది. తర్వాత వాళ్ల పిల్లలే ముందుకొచ్చి శుభ్రం చేయించి, నిధికి కొంత కలిపి ఇచ్చారు. ఖాళీ స్థలాల్ని కాపాడటానికి టౌన్‌షిప్ పక్కన పెట్టే ఓపెన్ స్పేస్ డబ్బు మిగతాది పూరించింది. ఆ ప్రింటవుట్ లేకపోతే ఆ రాత్రే చేతులెత్తి ఓటేసేవాళ్లం.

ఇక్కడ నాకు మా జిల్లా గుర్తొస్తుంది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇచ్చారు. అప్పట్లో అది నల్గొండ జిల్లా. భూదానం అంటే మాకు బడిలో గర్వంగా చెప్పుకునే పాఠం. తర్వాత భూదాన భూములు చేతులు మారడం, ఆక్రమణలు, కోర్టు కేసులు పేపర్లో చదువుతూ పెరిగాం. ఆ దానం భూమి లేనివాళ్ల కోసం, ఇది చెట్ల కోసం. రెండూ ఒకటి కావు. కానీ ఇచ్చిన చేతులు పోయాక హద్దులు ఎవరు చూస్తారన్న ప్రశ్న రెండింటికీ ఒకటే. అలయన్స్ నియమావళిలో నాకు నచ్చింది, దీనికి జవాబు రాసిపెట్టి ఉండటం.

ఆ జవాబు పదకొండో స్టాండర్డ్‌లో ఉంది. మా చేతిలో ఉన్నవాటిలో సగానికి పైగా మా సొంత భూములు కావు, ఈజ్‌మెంట్లు. అంటే భూమి యజమానిదే. ఉంటాడు, దున్నుకుంటాడు, అమ్ముకుంటాడు, పిల్లలకి రాసిస్తాడు. ఇళ్లు కట్టే హక్కు మాత్రం శాశ్వతంగా వదులుకుంటూ కౌంటీ ఆఫీసులో రిజిస్టర్ చేస్తాడు. రేపు ఎవరు కొన్నా ఆ షరతు భూమితోనే వెళ్తుంది. దాన్ని నిలబెట్టాల్సింది ట్రస్టు. కాబట్టి ప్రతి ఈజ్‌మెంట్‌నీ క్యాలెండర్ ఏడాదికి కనీసం ఒకసారి చూడాలి. ఆకాశం నుంచి తీసిన ఫొటోలతో సరిపెట్టినా, అయిదేళ్లకోసారైనా కాళ్లతో నడవాల్సిందే.

నడక అంటే విహారం అనుకోకండి. ప్యాంటు సాక్సుల్లోకి దోపి, ఇంటికొచ్చాక పిక్కల వెనక రక్తం పీల్చే టిక్ పురుగుల్ని వెతుక్కునే వ్యవహారం. పోయిన చలికాలం ఒక హద్దు గోడ దగ్గరికి వెళ్లాం. పాతకాలపు రాతి గోడ, మోకాలెత్తు. ఈజ్‌మెంట్ రాసుకున్న రోజు తీసిన బేస్‌లైన్ ఫొటోలో గోడకి అటు పక్క పక్కింటి లాను, ఇటు పక్క పొదలు. మేం వెళ్లేసరికి గోడకి ఇటు కూడా నున్నగా కోసిన గడ్డి, దాని మీద ట్రాంపొలిన్, కుప్ప పోసిన ఆకులు. పక్కింటాయన చెడ్డవాడేం కాదు. ఇల్లు కొన్నప్పుడు ఆ గడ్డి తనదేనని ఎవరో చెప్పారట. ఫొటో చూపించాం, ఉత్తరం రాశాం, వసంతానికల్లా ట్రాంపొలిన్ అటు వెళ్లింది. అదే పదేళ్లు ఎవరూ చూడకపోతే అక్కడ షెడ్డు లేచేది, ఆ తర్వాత లాయర్లు వచ్చేవాళ్లు.

లాయర్ల మాట వచ్చింది కాబట్టి టెర్రాఫర్మా గురించి. ఈజ్‌మెంట్ల మీద కేసు పడితే ఖర్చులు భరించే ఇన్సూరెన్స్ ఇది. అలయన్స్ చొరవతో, ల్యాండ్ ట్రస్టులే యజమానులుగా 2013లో మొదలైంది. మామూలు కంపెనీ పాలసీలో ఈజ్‌మెంట్ అంటే ఏమిటో మొదట్నుంచి వివరించాల్సి వస్తుంది, ఇక్కడ ఆ తలనొప్పి లేదు. దేవుడి దయవల్ల మేం ఇంకా వాడుకోలేదు, కాబట్టి క్లెయిమ్ ఎలా నడుస్తుందో నా మాట నమ్మకండి. బోర్డు మెంబర్ల సొంత రక్షణకి డి అండ్ ఓ (డైరెక్టర్స్ అండ్ ఆఫీసర్స్) ఇన్సూరెన్స్ పాలసీ వేరే ఉండాలి. 1997 నాటి ఫెడరల్ చట్టం వాలంటీర్లని మామూలు పొరపాట్ల నుంచి కాపాడుతుంది కానీ ఘోరమైన నిర్లక్ష్యం నుంచి కాదు. పైగా కేసు గెలిచినా లాయరు ఫీజు ఫీజే.

నాలుగో స్టాండర్డ్ మనవాళ్లకి కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. చర్చకొచ్చిన స్థలం పక్కన మీ ఇల్లుంటే ముందే చెప్పి, ఓటు సమయంలో గదిలోంచి బయటికి వెళ్లాలి. మీ బావమరిది రియల్టర్ అయినా అంతే. మొదటిసారి ఒకాయన్ని బయటికి పంపినప్పుడు "నన్ను అనుమానిస్తున్నారా" అని ముఖం మాడ్చుకున్నాడు. ఇప్పుడు ఆయనే కాఫీ కప్పు తీసుకుని అందరికంటే ముందు లేస్తాడు.

సంతకాల సంగతి ట్రెజరర్లు తప్పక చదవాలి. ఈజ్‌మెంట్ దానం చేసినవాళ్లు దాని విలువని ఆదాయపు పన్నులో తగ్గించుకోవచ్చు. ఏడాదికి ఆదాయంలో 50 శాతం దాకా, అర్హులైన రైతులైతే 100 శాతం దాకా. మిగిలింది తర్వాతి 15 ఏళ్ల పన్నుల్లోకి జరుపుకోవచ్చు. 2015లో ఇది శాశ్వత చట్టమైంది. డబ్బున్న చోట తెలివీ చేరుతుంది. పెట్టుబడిదారులంతా గుంపుగా కలిసి భూమి కొని, విలువ ఆకాశానికి చూపించి పన్ను కొట్టేసే సిండికేట్ల మీద ఫెడరల్ పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ 2016 చివర్లో కన్నేసింది. 2022 చివర్లో వచ్చిన చట్టం, పెట్టినదానికి రెండున్నర రెట్లు దాటితే అలాంటి తగ్గింపులు చెల్లవంది. దాత ఇచ్చే 8283 ఫారం మీద, భూమి అందుకున్నట్టు ట్రస్టు తరఫున ఒకరు సంతకం పెట్టాలి. ఆ సంతకం విలువని ఒప్పుకున్నట్టు కాదు, నిజమే. అయినా అప్రైజల్‌లో అంకె వింతగా కనిపిస్తే నోరు తెరవాల్సిందే. ఈ పన్నుల సంగతి చెప్పే పదో స్టాండర్డ్ మీద అలయన్స్ వాళ్ల శిక్షణ సామగ్రి నాకు అన్నింటికంటే పనికొచ్చింది.

ఇప్పుడు ఆ రెండు వస్తువులు. ఒకటి, బోర్డు పోర్టల్ అనే సాఫ్ట్‌వేర్, పేరు వద్దు. ఎజెండా, మినిట్స్, ఓట్లు అన్నీ ఒకేచోట అని అమ్మారు. మా బోర్డులో సగం మంది డెబ్బై దాటినవాళ్లు. పాస్‌వర్డ్ మార్చమని మెయిల్ వచ్చిన ప్రతిసారీ నాకు ఫోన్. ఏడాది చందా పోగొట్టుకుని మళ్లీ ఈమెయిల్‌లో పీడీఎఫ్‌కే వచ్చాం. రెండోది, బోర్డు రిట్రీట్ నడిపిస్తానని వచ్చిన కన్సల్టెంట్. సగం రోజు గోడల మీద రంగు కాగితాలు అంటించి "మా కల" అని రాయించాడు. మా కల ఏమిటో మాకు తెలుసు, ఎండిన ఆష్ చెట్లు ఎవరు కొడతారన్నది తెలియదు. దాని గురించి ఆయన దగ్గర కాగితం లేదు. అదే డబ్బుతో ఇద్దరు మెంబర్లని ర్యాలీకి పంపితే, ఇలాంటి తిప్పలే పడుతున్న చిన్న ట్రస్టుల వాళ్ల ఫోన్ నంబర్లతో తిరిగొస్తారు.

అలయన్స్‌కి నేను అయిదుకి నాలుగు ఇస్తాను. ఒకటి తగ్గించింది ఎందుకంటే నియమాలు జీతగాళ్లున్న పెద్ద సంస్థకీ, అందరూ వాలంటీర్లే ఉన్న మాకూ ఒకటే. అది న్యాయమే, శాశ్వతం అన్న మాట ఎవరిచ్చినా ఒకటే కదా. కానీ ఆ కాగితాల బరువు ఉద్యోగాలు చేసుకుంటూ మోయాలి. అక్రిడిటేషన్, అంటే ఈ నియమాలు పాటిస్తున్నామని బయటివాళ్లు పరీక్షించి ఇచ్చే గుర్తింపు, ఇంకా పెద్ద పని. 2006లో మొదలైన కమిషన్ ఒకటి ఉంది, ఎంచుకున్న ప్రాజెక్టుల ఫైళ్లు తెప్పించుకుని చూస్తుంది, ఊళ్లోవాళ్ల అభిప్రాయాలు కూడా అడుగుతుంది, అయిదేళ్లకోసారి మళ్లీ మొదలు. వస్తే టెర్రాఫర్మా ప్రీమియం తగ్గుతుంది, దాతలకి నమ్మకం. మా బోర్డు ఈసారి ఓటేసి వాయిదా వేసింది. నేను వద్దన్నవాళ్లలోనే ఉన్నాను. పాత బేస్‌లైన్ రిపోర్టులు సరిచేసుకోకుండా వెళ్లడం దండగ.

మీ ఊరి ట్రస్టు మిమ్మల్ని బోర్డులోకి పిలిస్తే, ఒప్పుకునే ముందు వాళ్ల 990 ఫారం, అంటే లాభాపేక్ష లేని సంస్థలు ఏటా ఐఆర్‌ఎస్‌కి ఇచ్చే లెక్కల పత్రం, చూడండి. అడిగితే ఇవ్వాలి, ఇంటర్నెట్‌లోనూ దొరుకుతుంది. షెడ్యూల్ డి ఉంటే అందులో ఎన్ని ఈజ్‌మెంట్లు, వాటిని చూడటానికి ఎన్ని గంటలు, ఎంత ఖర్చు అన్నది ఉంటుంది. ఈజ్‌మెంట్లు బోలెడుండి గంటలు గుప్పెడైతే ఎందుకని అడగండి. డి అండ్ ఓ పాలసీ ఉందా, పోయినేడాది అన్ని స్థలాలూ ఎవరు నడిచారు, రిపోర్టులు ఎక్కడున్నాయి అని కూడా అడగండి. సరైన జవాబు రాకపోతే బోర్డు సంగతి పక్కనపెట్టి శనివారం ట్రెయిల్ పనికి వెళ్లండి, అక్కడ మనుషులు ఎప్పుడూ తక్కువే. ప్యాంటు మాత్రం సాక్సుల్లోకి దోపుకోండి.