ఎసెన్షియల్ ఆయిల్స్: ఏళ్ల తరబడి వాడాక నేను కొనేవి, కొననివి

ఎసెన్షియల్ ఆయిల్స్ అంటే మొక్కల నుంచి తీసే ఘాటైన సువాసన నూనెలు. నిమ్మగడ్డి, నీలగిరి, టీ ట్రీ, లావెండర్ నూనెలు మా ఇంట్లో చాలా ఏళ్లుగా వాడుతున్నాం. ఆన్‌లైన్‌లో కొన్నాను, దుకాణాల్లో కొన్నాను, స్వయంగా నూనె తీసే రైతుల దగ్గరా కొన్నాను. నా అనుభవంలో తేలింది ఒకటే. మన దేశంలో విరివిగా పండే మొక్కల నూనెలే సరైన ధరకు మంచివి దొరుకుతాయి.

అందులో మొదటిది నిమ్మగడ్డి నూనె. తెలుగు రాష్ట్రాల్లో ఈ గడ్డి పండించి, పొలం దగ్గరే ఆవిరితో నూనె తీసేవాళ్లు ఉన్నారు. మంచి నూనెలో సిట్రాల్, అంటే ఆ నిమ్మవాసన ఇచ్చే పదార్థం, 70 శాతానికి పైనే ఉంటుంది. మూత తీయగానే నిమ్మతొక్క గిల్లినంత ఘాటుగా ఉండి, ఆ వెనకాలే పచ్చిగడ్డి వాసన రావాలి. ఆ పచ్చిదనం లేకుండా ఉత్త సబ్బు వాసనే వస్తే నేను తీసుకోను.

ఇంటికొచ్చాక తెల్లకాగితం మీద ఒక చుక్క వేసి వదిలేస్తాను. మర్నాటికి జిడ్డు మరక మిగిలితే అందులో వంటనూనె లాంటిదేదో కలిసినట్టే. గంధం, వట్టివేరు నూనెలకు మాత్రం ఈ పరీక్ష పనికిరాదు. అవి చిక్కనివి కాబట్టి స్వచ్ఛమైనవైనా మరక ఉంటుంది. పైగా ఫ్యాక్టరీలో చేసిన సిట్రాల్ కూడా శుభ్రంగా ఆరిపోతుంది, దాన్ని కాగితం పట్టుకోలేదు. అందుకే జీసీ-ఎంఎస్ రిపోర్టు, అంటే నూనెలో ఏయే పదార్థాలు ఎంతెంత ఉన్నాయో చెప్పే ల్యాబ్ రిపోర్టు, అడగాలి, అదీ మన సీసా మీదున్న బ్యాచ్ నంబరుదే. ఒక ఆన్‌లైన్ అమ్మకందారు నాకు వేరే బ్యాచ్ రిపోర్టు పంపి, మళ్లీ అడిగితే జవాబే ఇవ్వలేదు. అక్కడ కొనడం మానేశాను.

అన్ని నూనెలూ ఒకే ధరకు అమ్మే చోట అసలు కొనకండి. కిలో గులాబీ నూనెకు టన్నుల కొద్దీ పూలు కావాలి, అది నిమ్మగడ్డి ధరకు ఎలా వస్తుంది? మల్లె నూనె ఆవిరి పద్ధతిలో తీసేది కాదు, సాల్వెంట్‌తో (కరిగించే రసాయనంతో) తీస్తారు, ఖరీదూ ఎక్కువే. ఇక స్ట్రాబెర్రీ ఎసెన్షియల్ ఆయిల్ అని రాసి ఉంటే అది కృత్రిమ సెంటే!

లావెండర్ సీసా మీద లావాండులా అంగుస్టిఫోలియా అన్న శాస్త్రీయ నామం చూసుకోండి, అసలు లావెండర్ అదే. లావాండిన్ వేరే రకం, చవక, కర్పూరం వాసన ఎక్కువ. జమ్మూలోని భదర్వా వైపు రైతులు ఇప్పుడు లావెండర్ బాగా పండిస్తున్నారు. నేను తెప్పించుకునేది అక్కడిదే, రాత్రి డిఫ్యూజర్‌లో (గదిలో వాసన వెదజల్లే పరికరంలో) మూడు చుక్కలు చాలు. మనసు కుదుటపడి హాయిగా ఉంటుంది కానీ నిద్రలేమికి అది మందు కాదు. దోమలకు సిట్రోనెల్లా అనే గడ్డి నూనె పనిచేసేది కూడా కాసేపే, డెంగ్యూ రోజుల్లో దోమతెర కట్టాల్సిందే.

ఒంటికి రాసుకోవాలంటే 30 మిల్లీలీటర్ల కొబ్బరినూనెలో పది, పన్నెండు చుక్కలు మించకూడదు. నీలగిరి నూనె పసిపిల్లల ముఖం దగ్గరకు తేవద్దు, ఏ నూనే కడుపులోకి తీసుకోవద్దు. టీ ట్రీ గాలి తగిలి పాతబడితే చర్మం మండుతుంది. మన ఎండలకు ముదురురంగు గాజు సీసా ఒక్కటే చాలదు, నేను ఫ్రిజ్ తలుపులో పెడతాను. రబ్బరు డ్రాపర్ మూతతో వస్తే మామూలు మూతకు మార్చేయండి, ఈ నూనెలకు రబ్బరు మెత్తబడి జిగురవుతుంది. కొత్త చోట ఎప్పుడైనా 10 మిల్లీలీటర్ల సీసాయే తీసుకోండి.