లాంగ్‌హార్న్స్ వెంట ఒక సీజన్: ఎక్కడ సుఖం, ఎక్కడ జేబుకు చిల్లు

ఏళ్ల తరబడి అమెరికాలో ఉంటున్నా కాలేజీ ఫుట్‌బాల్ జోలికి పోని తెలుగువాళ్లు చాలామంది. మా అబ్బాయి ఆస్టిన్‌లో యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్‌లో చేరేదాకా మేమూ అంతే. 2024లో వాళ్ల టీమ్ లాంగ్‌హార్న్స్ సౌత్ ఈస్టర్న్ కాన్ఫరెన్స్ అనే కాలేజీ టీముల కూటమిలోకి మారింది. జాతీయ ప్లేఆఫ్‌ కూడా ఆ ఏడే నాలుగు టీముల నుంచి పన్నెండుకు పెరిగింది. దాంతో ఆగస్టు 31న మొదలైన వాళ్ల సీజన్ జనవరి 10 దాకా సాగింది. కోచ్ సార్కిసియన్ ఎత్తుగడల గురించి చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. నేను దారి, బస, తిండి గురించే రాస్తాను.

కుటుంబంతో చూడాలంటే నా ఓటు డాలస్‌లో అక్టోబరులో జరిగే ఓక్లహోమా మ్యాచ్‌కే. ఫెయిర్ పార్క్‌లోని పాత కాటన్ బౌల్ స్టేడియంలో, స్టేట్ ఫెయిర్ జాతర నడుమ ఆడతారు. మ్యాచ్ టికెట్ ఉంటే జాతరకు వేరే టికెట్ అక్కర్లేదు. మేం ఇర్వింగ్‌లో ఆరెంజ్ లైన్ రైలెక్కి, ఊళ్లో గ్రీన్ లైన్‌కి మారి, జాతర గేటు ముందే దిగాం. రైల్లో నిలబడడానికే చోటు లేదు కానీ పార్కింగ్ గొడవ తప్పింది. స్టేడియంలో సరిగ్గా సగానికి గీత గీసినట్టు ఒకవైపంతా టెక్సస్ వాళ్ల నారింజ రంగు, రెండోవైపంతా ఓక్లహోమా వాళ్ల ఎరుపు. ఎవరు బాగా ఆడుతున్నారో తెలియకపోయినా ఏ సగం అరుస్తోందో చూస్తే చాలు, ఆట అర్థమవుతుంది. ఆ రోజు టెక్సస్ 34-3తో గెలిచింది కాబట్టి చివర్లో ఎర్ర సగం చాలావరకు ఖాళీ. బయట తిండికి కూపన్లు కొనుక్కోవాలి. అక్కడ ఓరియో బిస్కెట్లను కూడా పిండిలో ముంచి మన బజ్జీల్లా వేయిస్తారు. ఒకటి తింటే సరదా, రెండోదానికి వికారం. సీట్లు ఇరుకు, నీడ తక్కువ. పెద్దవాళ్లను తీసుకెళ్తే టోపీ మరవకండి.

సరిగ్గా వారానికి, అక్టోబరు 19న, ఆస్టిన్‌లో జార్జియాతో మ్యాచ్. అదే వారాంతంలో అదే ఊళ్లో ఫార్ములా వన్ రేసు కూడా ఉంది. హోటల్ ధరలు చూసి కళ్లు తిరిగాయి. రౌండ్ రాక్‌లో చుట్టాలింట్లో దిగాం, లేకపోతే వెళ్లేవాళ్లమే కాదు. కారు స్టేట్ క్యాపిటల్ దగ్గర గ్యారేజీలో పెట్టి నడిచాం. మ్యాచ్‌కి రెండు మూడు గంటల ముందే చేరుకోండి. శాన్ జసింటో వీధిలో బీవో అనే పొడుగు కొమ్ముల ఎద్దును ఊరేగిస్తారు, ఎక్కడ చూసినా పొయ్యిలు, పాటలు. స్టేడియంలోకి పెద్ద సంచి తేవాలంటే అది పారదర్శకమైనదే అయి ఉండాలి. లక్ష మంది పట్టే చోటు కదా, బాత్రూం లైన్లు దారుణం. ఇక ఆటలో, మనవాళ్లు బంతి లాక్కున్నాక రిఫరీ ఫౌల్ ఇచ్చాడని విద్యార్థులు మైదానం మీదికి సీసాలు విసిరారు. మా ఆవిడ "పదండి, పోదాం" అంది. తీరా రిఫరీలు ఆ ఫౌల్ వెనక్కి తీసుకున్నారు! అయినా 30-15తో ఓడిపోయాం. సీసాలకు కాన్ఫరెన్స్ వేసిన జరిమానా రెండున్నర లక్షల డాలర్లు.

టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ ఉన్న ఊరు కాలేజ్ స్టేషన్ సంగతి వేరు. టెక్సస్, ఏ అండ్ ఎం 2011 తర్వాత తలపడటం ఇదే మొదలు. థ్యాంక్స్‌గివింగ్ సెలవులు కాబట్టి సెలవు బాధ లేదు. కానీ పక్కనున్న బ్రయాన్‌లో మేం దిగిన హోటల్ రెండు రాత్రులకు తక్కువైతే గది ఇవ్వనంది. ఇచ్చిన గదిలో కార్పెట్ తడి వాసన, ఎనిమిదింటికల్లా బ్రేక్‌ఫాస్ట్ ఖాళీ. అడిగితే "గేమ్ వీకెండ్ కదా" అన్నారు, అంతే. ఇంకోసారైతే డాలస్ నుంచి మూడు గంటలే కదా, అదే రాత్రి తిరిగొచ్చేస్తాను. వాళ్ల స్టేడియం కైల్ ఫీల్డ్ మాత్రం చూడాల్సిందే. వాళ్ల విద్యార్థులు ఆటంతా నిలబడే ఉంటారు. భుజాల మీద చేతులేసుకుని అందరూ ఒకేసారి పక్కలకు ఊగుతూ పాడుతుంటే పై అంతస్తు కదులుతున్నట్టు కాళ్లకు తెలుస్తుంది. 17-7తో గెలిచి, నారింజ చొక్కా మీద జాకెట్ జిప్పు పైదాకా లాక్కుని బయటికొచ్చాం.

సౌకర్యంలో మొదటి మార్కు అట్లాంటాకే. జనవరి 1న అక్కడ పీచ్ బౌల్ అనే ప్లేఆఫ్ మ్యాచ్. ఆల్ఫరెటాలో మా బావమరిది నార్త్ స్ప్రింగ్స్ స్టేషన్లో దింపాడు. ఫైవ్ పాయింట్స్‌లో రైలు మారి, వైన్ సిటీలో దిగితే ఎదురుగా మెర్సిడెస్ బెంజ్ స్టేడియం. తిండి ధరలు బయటి కొట్లలో ఉన్నట్టే ఉన్నాయి, అమెరికా స్టేడియాల్లో ఇది వింత. ఆటా అలాగే కుదిరింది. అరిజోనా స్టేట్ మీద మొదటి ఓవర్‌టైమ్‌లో నాలుగో డౌన్, అంటే ఆఖరి ప్రయత్నం, పదమూడు గజాలు కావాలి. మన క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరే ఆటగాడు) ఎవర్స్ విసిరిన బంతిని మనవాడే గోల్డెన్ అందుకుని టచ్‌డౌన్ చేశాడు. రెండో ఓవర్‌టైమ్‌లో 39-31తో గెలిచాం.

ఆఖరిది డాలస్ పక్కనే మన ఆర్లింగ్టన్‌లో, ఒహాయో స్టేట్‌తో ప్లేఆఫ్ సెమీఫైనల్. ఇంటికి దగ్గరే, అయినా అన్నిటికంటే ఎక్కువ విసిగించింది ఇదే. ఏటీ అండ్ టీ స్టేడియంకి రైలు లేదు. ముందురోజే మంచు కురిసింది. పార్కింగ్‌కి ముందే డబ్బు కట్టినా, రోడ్లు ఎలా ఉంటాయో అన్న టెన్షన్‌తో మధ్యాహ్నమే బయల్దేరాం. లోపల మాత్రం వెచ్చగా, పెద్ద తెరతో దర్జాగా ఉంది. ఏడు పాయింట్లు వెనకబడి, గోల్ లైన్‌కి గజం దూరం దాకా వెళ్లాం. అక్కణ్నుంచి వాళ్లు మనల్ని వెనక్కి నెట్టారు, ఆ తర్వాత ఎవర్స్ చేతిలో బంతి జారింది, వాళ్ల సాయర్ దాన్ని పట్టుకుని 83 గజాలు పరిగెత్తాడు. 28-14తో ఓడిపోయాం. పార్కింగ్ నుంచి కార్లు అంగుళం అంగుళం కదులుతుంటే, వెనక సీట్లో మావాడు ఒక్క మాటా మాట్లాడలేదు. ఆర్లింగ్టన్ మ్యాచ్‌లు నేనిక ఇంట్లో టీవీలోనే చూస్తాను.