కాపలా కాయాలా, పెళ్లి చేయాలా, నేర్పాలా: ఎదిగిన బిడ్డకు ఏది మేలు?

మేధో వైకల్యం ఉన్న కొడుక్కో కూతురికో ఇరవై ఏళ్లు దాటాయంటే, ఇంట్లో పైకి అనని బెంగ ఒకటి మొదలవుతుంది. తోటి అమ్మాయి అంటే ఇష్టమని అబ్బాయి అంటాడు. అక్క పెళ్లి చూసిన చెల్లెలు తనకూ పెళ్లి చేయమంటుంది. అప్పుడు మన ఇళ్లలో ఎక్కువగా రెండు దారులే కనిపిస్తాయి: కాపలా, లేదంటే పెళ్లి. ఒంటి గురించీ, ఇష్టాల గురించీ ఓపిగ్గా నేర్పి తోడుండడం అనే మూడోదాన్ని చాలామంది లెక్కలోకే తీసుకోరు.

కాపలా వెనకున్న భయం అబద్ధం కాదు. చెయ్యి వేసేవాడు చాలాసార్లు తెలిసినవాడే. కానీ ఏమీ తెలియకుండా పెరిగిన మనిషికి, తనకేం జరిగిందో చెప్పుకోవడానికి మాటలే ఉండవు. ఈ కాపలా ఎంతదాకా పోగలదో 1994లో దేశం చూసింది. మహారాష్ట్రలో శిరూర్ ప్రభుత్వ గృహంలో ఉన్న, మేధో వైకల్యం గల మహిళలకు నెలసరి శుభ్రత పేరుతో గర్భసంచులు తీయించారు. ఇప్పుడు 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం, వాళ్ల సమ్మతి లేకుండా సంతానం కలగకుండా చేసే ఏ చికిత్సా కుదరదు.

ఇక పెళ్లి. ‘మూడు ముళ్లు పడితే అన్నీ సర్దుకుంటాయి’ అనే పెద్దలున్నారు. పెళ్లి మందు కాదు. సంగతి దాచి సంబంధం కుదిర్చితే రెండు జీవితాలు నలుగుతాయి. సమ్మతి చెప్పగల స్థితి లేకుండా జరిగిన పెళ్లిని హిందూ వివాహ చట్టం కింద కోర్టు రద్దు చేయవచ్చు కూడా. అలాగని వైకల్యం ఉన్న ప్రతివారూ పెళ్లికి పనికిరారనుకోవడం అన్యాయం. ఇద్దరూ ఇష్టపడి, అవతలివాళ్లకు అంతా తెలిసి, ఇంటి ఖర్చుకీ పిల్లల నిర్ణయానికీ పక్కన నిలిచే మనుషులుంటే, ఆ కాపురానికి నేను మనస్ఫూర్తిగా అక్షింతలు వేస్తాను.

అయితే అక్కడిదాకా రావాలన్నా నేర్పడమే ముందు జరగాలి. నా ఓటు దీనికే. ఒంట్లోని భాగాల అసలు పేర్లు చెప్పాలి. ఎవరిని కౌగిలించుకోవచ్చో, ఎవరికి నమస్కారం చాలో బొమ్మలతో చూపించాలి. అదే చిన్న వాక్యం పదేపదే చెప్పాలి, నటించి చూపాలి. హస్తప్రయోగం చేసుకుంటూ కనిపిస్తే కొట్టకుండా, ‘అది నీ గదిలో, తలుపు వేసుకున్నాక’ అనాలి. ఎదుటివాళ్లు వద్దంటే ఆగడం, తనకు ఇష్టమైతే ఎలా అడగాలో తెలియడం, గర్భం రాకుండా జాగ్రత్తలు కూడా ఇందులోవే. అన్నిటికంటే కష్టమైనది మనం మారడం. ‘ఎవరు ఏం చెప్పినా వింటాడు’ అని మెచ్చుకుంటూ పెంచిన బిడ్డకు, ప్రమాదం ఎదురైనప్పుడు ‘వద్దు’ అనే మాట ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇష్టంలేని బంధువుకు ముద్దు పెట్టమని బలవంతం చేయడం ఈరోజే మానేయవచ్చు.

వైకల్యం తీవ్రంగా ఉండి, జరిగేదేమిటో అర్థం చేసుకోలేనివారి విషయం వేరు. వాళ్లు ‘ఊఁ’ అన్నా చట్టం దాన్ని సమ్మతిగా లెక్కించదు. వాళ్లకు కాపలా తప్పదు. అయినా స్నానం చేయించేముందు చెప్పి చేయించడం, బట్టలు మార్చేటప్పుడు తలుపు వేయడం వాళ్లకూ దక్కాలి.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే, సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో మేధో వైకల్యం కోసమే జాతీయ సంస్థ ఉంది. చదువు, ఉద్యోగ శిక్షణల గురించి అడిగినట్టే, మొహమాటపడకుండా దీని గురించీ అక్కడ అడగండి.